బాసు సెలవు పెట్టిన రోజు

మా తోడల్లుడు పుస్తకాల అట్టలకు డిజైన్లు వేస్తాడు. వేసేది అతను, పేరు పడేది బాసుది. నేనైతే ఎప్పుడో ఆ కుర్చీ తన్నేసేవాణ్ని. సరే, నన్నెవరూ ఏ కుర్చీలోనూ కూర్చోబెట్టలేదనుకోండి. బాసు సెలవు పెట్టిన రోజు చూసి, మా తోడల్లుడు ఇంకో కంపెనీలో సీనియర్ డిజైనర్ ఇంటర్వ్యూకి జారుకున్నాడు.

అక్కడి మేడమ్ అట్టలు తిరగేసి, "వీటి మీద వేరే పేరుందేమిటండీ?" అంది.

"పేరు మా బాసుదండీ, చెయ్యి నాది," అన్నాడు బిక్కమొహంతో.

ఆవిడ ముఖం విప్పారింది. "అయితే ఆయన చెప్పింది మీ గురించేనన్నమాట! ఉద్యోగం మీదే."

"ఎవరండీ చెప్పింది?"

"ఇవాళే చేరిన మా డైరెక్టరు గారు. తన మనిషి లేనిదే పని సాగదన్నారు," అంటూ పక్క గది తలుపు తీసింది.

"రావయ్యా, నువ్వే వచ్చేశావా!" అన్నాడు లోపల్నుంచి బాసు. "మంచిది, కబురు పెట్టే పని తప్పింది."