జాబితాలో లేని స్టేషను

“ఆ పేరుతో స్టేషనే లేదండి,” అన్నాడు రైల్వే ఆఫీసు గుమాస్తా, కంప్యూటరు మీంచి తల తిప్పకుండానే.

సూర్యావతి ఆ మాట వినడం నాలుగోసారి. పాత చినలంక స్టేషను కూల్చవద్దన్న అర్జీతో మూడేళ్ళుగా ఇదే వరస. ఈ ఆఫీసు ఆ ఆఫీసుకు పొమ్మంటుంది. ఆ ఆఫీసు ఇంకో ఊరికి రాయమంటుంది. రాసిన కాగితం తిరిగి తిరిగి ఇక్కడికే వస్తుంది.

“లేకపోతే మా నాన్నగారు ముప్పై ఏళ్ళు ఎక్కడ పనిచేసేరండి?”

“ఆయ్, అదే నాకూ అర్థం కావడం లేదండి,” అన్నాడతను మర్యాదగా.

ఆ మర్యాదకే ఆమెకు ఒళ్ళు మండింది.

చినలంకలో కాలవగట్టు మీద ఆ పెంకుల హాలు ఇంకా నిలబడే ఉంది. ఇనపకమ్మీల టికెట్టు కిటికీ ఉంది. సామాన్లు తూచే కాటా పెట్టిన గుంట ఉంది. మూడు రాతిబల్లలున్నాయి. వాటి మీద కూర్చుని లేచినవాళ్ళు మద్రాసు వెళ్ళారు, కలకత్తా వెళ్ళారు, కొందరు యుద్ధానికీ వెళ్ళారు. నాన్న నల్లకోటు తొడుక్కుని టికెట్లిచ్చేవారు. చిన్నప్పుడు సూర్యావతే గంట కొట్టేది. గంట మోగగానే జనం మూటలెత్తుకునేవారు.

బస్సులు పెరిగాక, 1969లో స్టేషను మూసేశారు. తాళంచెవి అప్పగించి వచ్చిన నాన్న ఆ రోజు అన్నం ముట్టలేదు.

రిటైరైన డ్రాయింగు మాస్టారు బెంజమిన్‌గారు ఒక్కరే ఆమెకు తోడు. గోడలు కొలిచి, పెంకులతో సహా బొమ్మ గీశారు. ఊళ్ళోవాళ్ళు మాత్రం, “పాముల కొంపండి అది. పోతే పోనీండి,” అన్నారు.

సోమవారం పొద్దున్నే పొక్లెయిన్ వచ్చింది. వెంట ఇంజినీరు గోపీకృష్ణ.

సూర్యావతి సంచీలోంచి చిన్న అట్టముక్క తీసి అతని చేతిలో పెట్టింది. ‘చినలంక నుండి మద్రాసు’. అతను చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

“నిజమైన టికెట్టేనండి.”

“మరి స్టేషనే అబద్ధమా బాబూ?”

అతను టికెట్టు తిరిగి ఆమె చేతికిచ్చేశాడు. “సర్వే గీత సరిగ్గా హాలు మధ్యలోంచి పోతోందండి. రెండు గజాలు జరపాలన్నా నా చేతుల్లో లేదు. కావాలంటే ఆ కిటికీ జాగ్రత్తగా ఊడదీయించి మీ ఇంటికి పంపిస్తానండి.”

“మా ఇంట్లో ఎందుకండి? దానవతల ఎవరు నిలబడతారు?”

బెంజమిన్‌గారు బొమ్మ చుట్టి చంకలో పెట్టుకున్నారు. “పదండమ్మా. చూడలేరు.”

సూర్యావతి కదల్లేదు. రాతిబల్ల మీద కూర్చుంది. డ్రైవరు ఇంజన్ ఆపేసి ఎదురుచూశాడు. పదకొండయింది. ఎండ నెత్తికెక్కింది. ఎవరూ ఆమెను లేవమనలేదు. కోప్పడదామంటే తప్పు చేసినవాళ్ళెవరూ ఎదురుగా లేరు. చివరికి ఆమే లేచి, కొంగుతో మొహం తుడుచుకుని పక్కకు తప్పుకుంది.

మొదటి దెబ్బకే పెంకులు జలజలా కాలవలో పడ్డాయి.

అక్కడ రైల్వేవాళ్ళు టికెట్లు మాత్రమే అమ్మేవారు; కొన్న ప్రతి ఒక్కరూ ఆ కాలవలో పడవెక్కి, గోదావరి దాటాకే రైలు మొహం చూసినవాళ్ళు. చినలంకకు మొట్టమొదటిసారిగా రైలు పట్టాలు వేయడానికే ఆ స్టేషనును కూల్చేశారు.