ఓడినవాళ్ళకి ఎదురుకోలు

“ఆరోది కూడా వెళ్ళిపోయిందండీ!” అంటూ భార్య దిండులో మొహం దాచుకుంది.

టీవీలో ప్రపంచకప్పు ఫుట్‌బాల్; తమ దేశపు జట్టుకి గోల్ కాసే గోలీ వలలోంచి బంతి తీసుకుంటున్నాడు. జట్టు ఓడితే జనం జుట్టు పీక్కుంటారు. కిటికీ అద్దాలు బిగించి బతికే ఆ ఇంటాయనకి మాత్రం కడుపులో చల్లగా ఉంది. ఆ చల్లదనం బయటపడకుండా కాఫీ కప్పు అడ్డం పెట్టుకున్నాడు. ఈ జట్టును నమ్ముకున్నవాళ్ళకి దక్కే కప్పు ఎలాగూ అదొక్కటే.

“దేశమంతా ఏడుస్తుంటే మీ మొహం మెరుస్తోందేంటి బావా?” అంది మరదలు.

“అద్దాల వ్యాపారం కదమ్మా, మెరుపు సహజం.”

భార్య ముక్కు చీదింది. “ఎల్లుండి పొద్దున జట్టు దిగుతోంది. నేను ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నా.”

ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు. వచ్చింది తంటా!

జట్టు బయల్దేరేటప్పుడు ఊరంతా దండలతో సాగనంపుతుంది. ఓడి వస్తే మాత్రం పలకరించే దిక్కుండదు. ఆటగాళ్ళు వెనక గేటు నుంచి దొంగల్లా జారుకుంటారు. అక్కడ టీ ఫ్లాస్కుతో నిలబడేది ఈవిడొక్కతే. పిల్లల వార్డులో నర్సు. ఏడ్చేవాళ్ళు కనబడితే కాలు నిలవదు.

“దేశం మొత్తానికి నువ్వే నర్సువా?”

“ఓడొచ్చినవాడికి ఎదురెవరూ రాకపోతే ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా?”

“సరే, కోచ్‌కియ్యి టీ. పెద్దాయన. ఆ గోలీగాడికెందుకు?”

“అందరికన్నా ఎక్కువ ఏడ్చింది అతనే కదండీ!”

“ఆరు గోల్స్ తిన్నాడు. కడుపు నిండే ఉంటుంది.”

మరదలు పకపకా నవ్వింది. “అక్కా, బావకి కుళ్ళే! పచ్చి కుళ్ళు!”

“నాకా? ఆ వెన్నచేతులవాణ్ణి చూసా?” అంటూ ఇంతెత్తున లేచాడు. గోలు చిన్నది, ఇంట్లో గోల పెద్దదైంది.

వద్దంటే ఆవిడ బస్సెక్కి పోతుంది. తనే తీసుకెళ్తే కాపలా అయినా కాయొచ్చు. జట్టు దిగే రోజు పొద్దున్నే అద్దాల వ్యాన్ తీశాడు. గేటు దగ్గర దిగాక టోపీ కళ్ళమీదికి లాక్కుని, వ్యాన్ వెనక నక్కి చూడసాగాడు.

గోలీ తల దించుకుని వచ్చాడు. ఏడ్చినా అందంగానే ఉన్నాడు వెధవ!

“ఏడవకండి,” అంటూ ఆవిడ టీ అందించింది. “ఆడింది పదకొండుమంది. ఆరు గోల్స్‌నీ అందరికీ పంచండి, తలా ఒకటి కూడా రాదు.”

కుర్రాడు కన్నీళ్ళతోనే ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు చూసి అద్దాలాయన గుండె భళ్ళుమంది.

“ఏమేవ్! ట్రాఫిక్ పెరుగుతుంది, పద పద!” వ్యాన్ వెనకనించే కేకేశాడు.

ఇంటిదారి పట్టాక భార్య నిట్టూర్చింది. “ఒక్క మంచిమాటండీ. దానికే అంత భయమా?”

ఆయన గేరు మార్చాడు. ఆ మంచిమాట మగాణ్ణి ఎంతదూరం లాక్కెళ్తుందో ఆయనకు తెలుసు: తిన్నగా పెళ్ళిపీటల దాకా.

పోయినసారి కప్పులో ఓడొచ్చిన గోలీ ఆయనే.