కళ్లు తెరిచిన సాక్షి

వెల్డర్ జైలుకెళ్లాడు, దెబ్బలు తిన్నాడు. రుజువే లేదు.

"మీ మందిరం కూల్చినందుకు రోడ్డు మీద కూర్చున్నానంటున్నారు. చూసినవాళ్లు ఒక్కరైనా ఉన్నారా?" అని అడిగింది శరణార్థుల ఆఫీసులో అధికారిణి.

"జైల్లో పెట్టినవాళ్లు రసీదు ఇస్తారా మేడమ్?" అన్నాడు వెల్డర్.

ఆవిడ నవ్వలేదు. గురువారం లోపు సాక్షిని తీసుకురమ్మంది. లేదంటే విమానం ఎక్కించి, ఏ దేశం నుంచి పారిపోయి వచ్చాడో ఆ దేశానికే పంపించేస్తారు.

ఆ రోజు ధర్నాలో కూర్చున్న మూడు వందల మందిలో నలభై మంది ఇప్పుడు ఈ ఊళ్లోనే ఉన్నారు. కానీ వాళ్ల మతంలో ప్రార్థన మొదలుపెడితే ముగిసేదాకా కళ్లు తెరవకూడదు. తెరిస్తే మహాపాపం. ధర్నాలో కూడా ప్రార్థనే చేశారు మహానుభావులు. పోలీసులు లాఠీలతో వస్తే మూసిన కళ్లతోనే తన్నులు తిన్నారు. పక్కన ఎవడున్నాడో ఎవడికి తెలుసు?

"చూశానని ఒక్క మాట చెప్పు బావా," అని బతిమాలాడు.

"ప్రార్థనలో కళ్లు తెరిచానని ఒప్పుకోమంటావా? మీ అక్క నన్ను గడప తొక్కనిస్తుందా?" అన్నాడు బేకరీలో పనిచేసే బావ.

మనుషులు చూస్తే దేవుడికి అంత సిగ్గెందుకో వెల్డర్‌కి అర్థం కాలేదు. భయంతో రెండు రోజులు అన్నం సయించలేదు.

గురువారం పొద్దున్నే మాస్టారు తలుపు కొట్టారు. వాళ్ల పిల్లలకి ప్రార్థనలు నేర్పే పెద్దాయన. నోట్లో నాలుక లేని మనిషి.

"పద నాయనా. నేను చూశాను," అన్నారు.

ఆఫీసులో ఆయన గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయారు. "మూడో వరుస, ఎడమ నుంచి ఐదోవాడు. నీలం చొక్కా, పై గుండీ లేదు. ప్రార్థన మధ్యలో రెండుసార్లు ఆవలించాడు. పదీ ఇరవైకి వ్యాను ఎక్కించారు. ఎక్కేటప్పుడు ఎడమకాలి చెప్పు జారిపోయింది."

అధికారిణి ఇంకేమీ అడగలేదు. కాగితం మీద ముద్ర వేసింది.

మెట్లు దిగుతూ వెల్డర్ ఆయన చేతులు పట్టుకున్నాడు. కళ్లు చెమర్చాయి. "నా కోసం ఇంత పాపం నెత్తినేసుకున్నారు. అయినా మీ అంతటి భక్తులు ఆ రోజు కళ్లెందుకు తెరిచారు మాస్టారూ?"

మాస్టారు మెల్లగా చేతులు విడిపించుకున్నారు.

"కళ్లు మూసుకుని కూర్చుంటే, పోలీసులకి మీ అందరి పేర్లూ ఎలా రాసిచ్చేవాణ్ణి నాయనా?"