మంచమంత మేర

పీపాకు ముళ్ళు మొలిచినట్టుంది ఆ యంత్రం.

ముళ్ళు కావు, వేలెడేసి బోలు గొట్టాలు. చిన్న ట్రాక్టరు వెనక తగిలించి లాగితే మట్టిలో దిగి, ముద్దలు ముద్దలుగా పెకలించి పైన పారేస్తాయి. ఆ కన్నాల్లోంచి గడ్డి వేళ్ళకు గాలి అందుతుంది.

"గాలి కోసం ఇంత తతంగమా?" అన్నాడు తోటమాలి.

"ఒకరోజు తలుపులూ కిటికీలూ మూసుకుని పడుకోండి మామయ్యా, తెలుస్తుంది," అంది కోడలు ట్రాక్టరెక్కుతూ.

ఆటల మైదానమంతా పచ్చగా ఉంది, నడిమధ్య మంచమంత మేర తప్ప. అక్కడ ఏం చల్లినా మాడిపోతుంది.

రెండేళ్ళ క్రితం దాకా అక్కడ నీళ్ళు పట్టింది ఆయన భార్య. "నీది చెయ్యా, నిప్పుకణికా?" అని నలుగురిలో నోరు జారాడు. ఆమె గొట్టం అక్కడే వదిలేసి వెళ్ళింది. మళ్ళీ మైదానంలో అడుగు పెట్టలేదు. ఇంట్లో అన్నం కడుపునిండా పెడుతుంది. మాట మాత్రం కొసరదు.

ఆ తర్వాత ఆయనే నీళ్ళు పట్టాడు. అయినా మొలవలేదు.

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

నిన్న సాయంత్రమే నేల తడిపి ఉంచారు. నీళ్ళు చిమ్మే గొట్టాల మూతులున్న చోటల్లా యంత్రం తగలకుండా పుల్ల గుచ్చి ఎర్రగుడ్డ కట్టారు. యంత్రం మీది తొట్టిలో బరువు కోసం ఇసుక బస్తాలు వేశారు.

నాలుగు వరసలు నిదానంగా సాగాయి. మలుపు వచ్చినప్పుడల్లా కోడలు ఆపి, గొట్టాలు పైకెత్తి, తిప్పుకుని మళ్ళీ దించుతోంది. ఎత్తకుండా తిప్పితే గడ్డి చాపలా లేచొస్తుంది.

నడిమధ్యకు రాగానే పీపా ఎగిరెగిరి పడింది. కోడలు ఆపింది.

బరువు చాలలేదనుకున్నాడాయన. పొలంలో చదును పలక మీద నిలబడ్డ అలవాటు కొద్దీ బస్తాల మీదికెక్కేశాడు.

"పోనీ ఇక."

ఆమె వెనక్కి చూసింది. ఇంజనే కట్టేసింది.

"దిగండి ముందు."

"ఊహ తెలిసినప్పట్నుంచీ పలకెక్కినవాణ్ణే."

"పలకకి పళ్ళు లేవు మామయ్యా."

దిగాడు. దిగినవాడు అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

మిగతా చోట్ల ముద్దలు వేలంత పొడుగు. ఇక్కడివి గోరంత. ప్రతిదాని అడుగునా తెల్లటి మచ్చ.

గోటితో గీకాడు. వాసన చూశాడు. నాలిక మీద వేసుకోబోతే కోడలు చెయ్యి పట్టుకుంది.

పలుగు తెచ్చి పొడిచాడు. బెత్తెడు దిగకుండానే ఖంగుమంది.

మట్టి తోసి చూస్తే సున్నపు గచ్చు. ఒక మూల పొయ్యి మసి ఇంకా నల్లగానే ఉంది.

"ఎవరిదో ఇల్లు," అంది కోడలు, వంగి చూస్తూ. "ఎవరుండేవాళ్ళో!"

ఆయన చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"ఇంటికి ఫోన్ కలిపి ఇలా ఇవ్వమ్మా."

అవతల గిన్నెల మీద కుళాయి పారుతోంది.

"ఏంటి?" అంది భార్య.

"ఆ నడిమధ్య... అడుగున గచ్చుంది."

"ఉంటే?"

"నీ చెయ్యి కాదు."

అవతల నీళ్ళు పారుతూనే ఉన్నాయి.

"నేను పట్టినా మొలవలేదు. ఈ రెండేళ్ళూ."

కుళాయి కట్టేసిన చప్పుడు వినిపించింది.