ఎర్ర గుర్తు పడిన పాట

బోధన్ బస్టాండు ఎదురు గల్లీలో సురేందర్ దుకాణం. పెన్‌డ్రైవుల్లో, మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించి ఇస్తాడు. చెరకు ట్రాక్టర్ల డ్రైవర్లు, ఆటోవాళ్లు, సౌండు బాక్సులు కిరాయికిచ్చేవాళ్లు అతని గిరాకీలు. అందరి చేతుల్లో ఫోన్లున్న ఈ రోజుల్లోనూ దుకాణం నడుస్తోందంటే కారణం ఒక్కటే. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పాడిన పాటలు అతని దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకవు.

ఆ రోజు పొద్దున షట్టరు సగమే ఎత్తి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పాత హార్డ్‌డిస్క్‌లోవి కొత్తదానిలోకి మార్చినప్పుడు ఫోల్డర్లు చెల్లాచెదురయ్యాయి. పాట ఇల్లు మారింది, జాబితాకేమో పాత చిరునామానే తెలుసు. నొక్కితే పాట రాదు, పక్కన ఎర్ర గుర్తు పడుతుంది. అలాంటివి నాలుగు వందల పన్నెండు.

మొన్న ఒక గిరాకీకి రెండు వందల పాటలని చెప్పి ఇస్తే నూట నలభయ్యే ఎక్కాయి. గణేశ్ ఊరేగింపు ఇంకా సగం దారిలో ఉండగానే బాక్సు మూగబోయింది. తిట్లు మాత్రం ఒక్కటీ తగ్గకుండా దుకాణానికి చేరాయి.

లేని సరుకు పేరు బోర్డు మీద ఉంచితే ఉన్న సరుకును కూడా జనం నమ్మరు. అందుకే ఎర్ర గుర్తులను ఒక్కొక్కటే చెరిపేస్తున్నాడు.

అప్పుడే షట్టరు కింద వంగి అంజవ్వ లోపలికి వచ్చింది. శక్కర్‌నగర్‌లో బీడీలు చుట్టే మనిషి. ఒకప్పుడు ఆమె బతుకమ్మ పాట ఎత్తుకుంటే పక్క వాడకట్టు ఆడవాళ్లు తమ ఆట ఆపి మరీ వచ్చేవారు. ఎనిమిదేళ్ల కిందట ఆ పాటను సురేందరే ఫోనులో రికార్డు చేశాడు. అప్పటినుంచి బతుకమ్మ తొమ్మిది రోజులూ ఏ బాక్సులో విన్నా అదే మోగుతోంది.

"సురేందర్, నా పాట ఉన్నదా?"

"చూద్దాం అవ్వ."

జాబితాలో 'అంజవ్వ బతుకమ్మ' అని ఉంది. పక్కన ఎర్ర గుర్తు.

"పేరున్నది, పాట లేదు. పోయినట్టుంది. ఇగో, చెరిపేస్తున్న."

"ఆగు." ఆమె అతని చెయ్యి పట్టుకుంది. "పేరు తీసేస్తే పాట పోయినట్టా? అసలుది ఏడనో ఉండే ఉంటది. దేవులాడు."

"నాలుగు వందలున్నయి అవ్వ. ఒక్కదానికోసం..."

"నాలుగు రోజులల్ల ఎంగిలిపూల బతుకమ్మ. గప్పటికి నా పాట సంగతి తేలాలె కొడుకా. లేకుంటే ఈ ఏడు గూడ నాకు పండుగ లేదు."

సురేందర్ లెక్క వేసుకున్నాడు. ఆమెకు అరవై దాటాయి. గొంతు పోయి ఉంటుంది. ఇక మిగిలిన ఆస్తి ఆ ఒక్క పాటే. పైగా దాని కోసం వచ్చినవాళ్లే ఇంకో వంద పాటలు ఎక్కించుకుని పోయేవారు. అంత గిరాకీ తెచ్చిన మనిషికి ఒక పూట ఖర్చు చేస్తే నష్టమేమీ లేదు.

"కూసో అవ్వ." స్టూలు జరిపాడు. "ముందుగాల గిరాకీలకు ఫోన్ చేస్త. కాపీ దొరికితే మనకు పని తప్పుతది. ట్రాక్టర్ వెంకటి దగ్గర ఉండాలె."

"లేదు. నేను పోయిన. ఆని పెన్‌డ్రైవ్ బర్రె కుడితి గోళెంల పడ్డది."

"మార్కండేయ సౌండు బాక్సుల?"

"ఆడు నా మరిది కొడుకే గద. అంగి ఉతుకంగ జేబుల కార్డు నానిపోయింది."

"మరి భూమేష్ ఆటోల?"

"గది గూడ సూసిన. ఇప్పుడు లేదు."

సురేందర్ జాలిగా తల ఊపాడు. పాపం, పాట కోసం ఊరంతా తిరిగింది.

"పాటలు మబ్బుల దాస్తరట గద? మా మనుమరాలు చెప్పింది. గాడ ఉన్నదేమో సూడు."

"మబ్బుకు నెలనెల కిరాయి కట్టాలె అవ్వ. నేను కట్ట."

"పిసినారోనివి," ఆమె నవ్వింది. "మంచిదే."

పేరుతో వెతికితే దొరకలేదు. రికార్డు చేసింది సద్దుల బతుకమ్మ నాడని గుర్తు తెచ్చుకుని, ఆ తేదీ పట్టుకుని వెతికాడు. రెండు టీలు అయ్యాయి. మధ్యాహ్నమైంది. చివరికి పెళ్లి బ్యాండు ఫోల్డరులో, వట్టి అంకెల పేరుతో ఒక ఫైలు కనబడింది. నొక్కాడు.

ముందు చప్పట్లు. తర్వాత గొంతు. దుకాణం ముందు నుంచి పోతున్న ఇద్దరు ఆగి చూశారు.

అంజవ్వ స్పీకరు దగ్గర చెవి పెట్టి మొత్తం విన్నది. ఒకచోట మాత్రం మొహం చిట్లించింది. "గిక్కడ దమ్ము సాలక ఒక సరణం ఇడిసిపెట్టిన. ఊరంత గట్లనే నేర్సుకున్నది."

"దొరికింది గద అవ్వ, గంతే సాలు."

"ఇదొక్కటేనా? ఇంకో తాన లేదా?"

"డిస్క్ మొత్తం చూసిన. పాత డిస్క్ ఖరాబైంది. ఇదొక్కటే."

"నీ ఫోనుల?"

"ఆ ఫోను అమ్మి ఐదేండ్లాయె."

"ఒట్టు?"

"దుకాణం మీద ఒట్టు."

అంజవ్వ ముఖం వెలిగిపోయింది. అది చూసి సురేందర్‌కు పూటంతా పడ్డ తిప్పలు గిట్టుబాటైనట్టు అనిపించింది. ఉత్సాహంగా కొత్త పెన్‌డ్రైవుల పెట్టె తెరిచాడు.

"నీకొకటి, నాకు రెండు ఎక్కిస్త. పైసలొద్దు."

అంజవ్వ పెట్టె మూత మూసి, కొంగు నడుముకు చెక్కుకుంది.

"ఇగ దాన్ని గూడ తుడిసెయ్ కొడుకా, గది మోగవట్టిన కాంచి పాట ఎత్తుకొమ్మని నన్నొక్కలు గూడ పిలుస్తలేరు."