తడి మూల

ఏళ్ల తరబడి బతికే మొక్కలతో పెరట్లో మళ్లు వేయాలని నన్ను పిలిచారు. ఎండ పడేచోట బిళ్ళగన్నేరు, గోడ నీడన ఫెర్న్ అని కాగితం మీద గీసుకుంటూ ఒక మూల దగ్గర ఆగాను. నడివేసవిలోనూ అక్కడి మట్టి పిడికిట్లో ముద్దయింది.

“పైపు కారుతోందా సార్?”

“కాదండీ,” అన్నాడు ఇంటాయన. “మా ఆవిడ రోజూ పాపకు స్నానం చేయించి, ఆ నీళ్లు ఇక్కడ పోస్తుంది.”

“మా బుడ్డదైతే స్నానమంటే ఇల్లు పీకి పందిరేస్తుంది,” నవ్వాను. “మీ పాపకెన్నేళ్లు?”

ఆయన గొంతు తగ్గించాడు. “ఉండుంటే ఆరు.”

లోపల చెంబుతో నీళ్లు పోస్తున్న చప్పుడు. “అయిపోయింది తల్లీ, ఇంకొక్క చెంబే,” అంటోంది ఆవిడ.

ఆ మూలకు మెట్టతామర రాశాను. రోజూ ఎన్ని నీళ్లు పోసినా అది కుళ్లిపోదు.