మూడో వేలు

“ఇది రెండోసారి,” అంటూ పాస్టరు రెండు వేళ్లు చూపించాడు.

కూరగాయలమ్మే ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఎదురు బెంచీ మీద ఆమె అల్లుడు, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గడియారాలు బాగుచేస్తాడు. కూర్చోవడం కూడా చప్పుడు లేకుండా కూర్చుంటాడు.

ఆ సంఘంలో తగువులు కోర్టుకు వెళ్లవు. ప్రార్థన మందిరం పక్క గదిలో పాస్టరు, ఇద్దరు పెద్దలు వింటారు. కట్టుబాటు ఒక్కటే. మూడుసార్లు గొంతు లేస్తే ఆ మనిషి మాట చెల్లదు. నాలుకను పట్టుకోలేనివారు ఇంటినేం నిలబెట్టుకుంటారని పాస్టరు ప్రతి ఆదివారం చెప్పేదే. ఆయన చెడ్డవాడు కాదు. తన కట్టుబాటు మీద తనకు మోజు, అంతే.

ఆ పూట తేలవలసింది కూడా ఒక్కటే. తల్లి పోయాక రెండు నెలలుగా అమ్మమ్మ దగ్గరున్న తొమ్మిదేళ్ల పిల్ల ఇకమీదట ఎవరింట్లో ఉండాలి? పిల్ల గుమ్మం బయట స్టూలు మీద కూర్చుని ఉంది.

“అతనితో మీకు ఇబ్బందేంటమ్మా? నెమ్మదిగా చెప్పండి,” అన్నాడు పెద్దల్లో ఒకాయన, రిటైరైన టీచరు.

“ఆ ఇంట్లో నా కూతురు నవ్వగా చూళ్లేదు బాబూ.”

“మీతో ఏమన్నా చెప్పుకుందా?”

“అడిగితే తల దించుకునేది.”

“తాగుతాడా?”

“లేదు.”

“తిడతాడా?”

ముసలామెకు అబద్ధం చేతకాదు. “తిట్టడు. నోరు తెరిస్తే కదా!”

“ఈ తప్పేదో మా ఆవిడ చేసినా బాగుండు,” అన్నాడు రెండో పెద్ద. ముగ్గురూ నవ్వారు. అల్లుడు నవ్వలేదు.

“నువ్వేమంటావయ్యా?”

“అత్తయ్యగారు కూతుర్ని పోగొట్టుకున్నారు. ఎన్ని మాటలన్నా పడతాను. నా బిడ్డ నా దగ్గరుంటే చాలండి.”

టీచరు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“పడతాడట!” ముసలామె లేచి నిలబడింది. ముప్పయ్యేళ్లు బజారులో అరిచి అరిచి రాటుదేలిన గొంతది. “తేనె పూసిన కత్తయ్యా వీడు! మీకు దండం పెడతా, ఎవరన్నా ఒక్కరు ఆ పిల్లనడగండి...”

“అమ్మా!”

“ఒక్కసారి అడగండయ్యా!”

పాస్టరు మూడో వేలు ఎత్తాడు.

టీచరు ఆమె చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లాడు. గుమ్మం దాటుతూ ఆమె మనవరాలి తల నిమరబోయింది. టీచరు ఆగలేదు.

లోపల కాగితం రాయడానికి పది నిమిషాలు పట్టింది. అల్లుడు సంతకం పెట్టి, అందరికీ దండం పెట్టి, పిల్ల బట్టల సంచి భుజాన వేసుకున్నాడు. రెండో చేత్తో పిల్ల మణికట్టు పట్టుకున్నాడు.

పాస్టరు పిల్ల ముందు వంగాడు.

“మీ నాన్నని చూసి నేర్చుకోవాలి తల్లీ. అన్ని మాటలన్నా ఒక్కసారి గొంతెత్తలేదు. ఇంట్లోనూ ఇంతేనా?”

పిల్ల తండ్రి వంక చూసింది. పాస్టరు వంక చూసింది.

“ఇంతేనండి,” అంది.

“కొట్టేటప్పుడు కూడా అరవడు.”